ముప్పై మీద సూది, ముందు సైకిలు

1961 వేసవిలో నన్ను గుంటూరుకి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా వేశారు. అప్పటికి ఒంగోలు జిల్లా పుట్టలేదు. అద్దంకి కూడా గుంటూరు జిల్లాలోదే, కనక నా ఏలుబడిలోదే. ఆర్డరు కాగితం మీద మా ఉద్యోగం పేరు ఎంత పొడుగున్నా జనం నోట మాత్రం మేం "బ్రేకు ఇన్‌స్పెక్టర్లం". బస్సులకీ లారీలకీ ఏటేటా పరీక్ష పెట్టి ఎఫ్.సి., అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందన్న సర్టిఫికెట్టు, ఇవ్వాలి. ప్రమాదం జరిగితే బండిని చూసి, తప్పు యంత్రానిదా మనిషిదా అని నివేదిక రాయాలి. మా పైన ఆర్.టి.ఓ. గారు ఉండేవారు. లైసెన్సు ఇవ్వడం, ఆపడం, రద్దు చేయడం ఆయన చేతిలో పని. ఆయన చేయి కదలడం మాత్రం నా నివేదికని బట్టి ఉండేది. ఇరవై ఆరేళ్ళ వాడికి ఇంతకంటే తలకెక్కే సంగతి ఇంకేం కావాలి?

మద్రాసులో ఆటోమొబైల్ డిప్లొమా చదివి వచ్చాను. తెల్ల డ్రిల్లు ప్యాంటు, జేబులో రెండు పెన్నులు. రెండో పెన్ను రాయదు, కానీ ఉండాలి. ఆ చదువులో నా మనసు దోచిన వస్తువు స్పీడోమీటరు. దాని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే ఈ కథంతా దాని కడుపులోనే జరిగింది.

గేరుబాక్సు దగ్గర మొదలై డ్రైవరు ముందున్న డయలు దాకా గొట్టం లాంటి తొడుగులో ఒక తీగ వస్తుంది. చక్రాలతో పాటు ఆ తీగా తిరుగుతుంది. దాని చివర, డయలు వెనక, చిన్న అయస్కాంతం ఉంటుంది. అయస్కాంతానికి చుట్టూ, దాన్ని ఎక్కడా తాకకుండా, పల్చటి అల్యూమినియం గిన్నె. సూది ఈ గిన్నెకే బిగించి ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో కరెంటు సుడులు పుట్టి, గిన్నె కూడా దానితో పాటు తిరగబోతుంది. వెంట్రుకంత స్ప్రింగు ఒకటి దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. వేగం పెరిగేకొద్దీ లాగుడు పెరిగి సూది పైకి జరుగుతుంది. అయస్కాంతం గిన్నెని ముట్టుకోదు, అయినా తిప్పుతుంది. తాకితే కదా అరిగేది? అరగనిది అబద్ధం ఎలా చెబుతుంది? ఇదీ నా సిద్ధాంతం. ఈ సిద్ధాంతాన్ని అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ కూడా చెప్పేవాణ్ణి.

ఆ రోజుల్లో మా వైపు బస్సుల్లో స్పీడోమీటరంటే దేవుడి పటం కింద ఒక అలంకారం. తీగ తెగిపోయి, సూది సున్నా మీద నిద్రపోతూ ఉండేది. ఎవడికీ పట్టేది కాదు. నేను వచ్చాక పట్టింది. సూది లేవని బస్సుకి ఎఫ్.సి. లేదన్నాను. యజమానులు తిట్టుకుంటూనే కొత్త మీటర్లు వేయించారు. అద్దంకి నుంచి గుంటూరు వచ్చే మొదటి సర్వీసుకీ అలాగే, దసరాకి కొద్ది రోజుల ముందు, కొత్తది పడింది. దాన్ని నా చేత్తో నేనే పరీక్షించి, సూది సరిగ్గా ఉందని తృప్తిగా సంతకం పెట్టాను.

పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున ఆ బస్సు మార్టూరు దాటాక మిరపకాయ టిక్కీలతో, అంటే గోనె బస్తాలతో, వస్తున్న ఎద్దుబండిని గుద్దింది. మంచు దట్టంగా ఉంది. బండి పొలం డొంకలోంచి రోడ్డెక్కుతోంది. ఒక ఎద్దు అక్కడే పోయింది. బండి తోలుతున్న రైతుకి కాలు విరిగింది. టిక్కీలు పగిలి, రోడ్డంతా ఎర్రగా మిరపకాయలు. ప్రయాణికులు కొరపోయి తుమ్ముతూ దిగారని పోలీసు వాళ్ళు చెప్పారు.

డ్రైవరు వెంకటప్పయ్య నడివయసు మనిషి. లారీ క్లీనరుగా మొదలై స్టీరింగు దాకా వచ్చినవాడు. అతని మీద పాత కేసు ఒక్కటీ లేదు. కానీ ముందు సీటులో, డ్రైవరు పక్కనే, గుంటూరు మిర్చి వ్యాపారి పిచ్చయ్య గారు కూర్చుని ఉన్నారు. ఆయన పోలీసులకి ఒకే మాట చెప్పారు: గుద్దే ముందు సూది నలభై అయిదు మీద ఉంది. బస్సులు అప్పుడు గంటకి ముప్పై మైళ్ళు దాటకూడదు. మంచులో నలభై అయిదంటే ఇక చెప్పేదేముంది! లైసెన్సు పోవడమే కాదు, నిర్లక్ష్యం కింద జైలు కూడా.

వెంకటప్పయ్య మా ఆఫీసు వరండాలో తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "అయ్యా, ఆ సూది సంగతి నాకు తెలవదండి. నేను ఇంజను మోత విని తోలేవోణ్ణి. మంచులో రెండో గేరు, మూడో గేరు మీదే వచ్చానండి. లైసెన్సు పీకేస్తే నాకు ఇంకో పని చేతకాదండి, అయ్యా," అన్నాడు.

"నీకు తెలియకపోతే సూదికి తెలుసు," అన్నాను. ఆ మాట నాకే బాగుందనిపించి గుమస్తా విన్నాడో లేదో చూశాను. విన్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సు పరీక్ష. బంపరు వంగింది తప్ప బండికి ఏమీ కాలేదు. డ్రైవరు లైసెన్సు పోలీసుల దగ్గరుంది కనక నేనే తోలాను. పక్క సీటులో పిచ్చయ్య గారు. తను చూసింది ఎక్కణ్ణించి ఎలా చూశారో చూపించడానికి ఆయన్ని రమ్మన్నాం. చిలకలూరిపేట దాటగానే నా స్పీడోమీటరు ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆయన శ్రద్ధగా విని, "అంటే అత్తగారి చూపన్న మాట. ముట్టుకోకుండానే ఇంటినంతా తిప్పుద్ది," అన్నారు. నా జన్మలో ఆ కరెంటు సుడుల్ని ఇంత చక్కగా చెప్పినవాణ్ణి చూడలేదు.

సూదిని కచ్చితంగా ముప్పై మీద నిలబెట్టాలని నా పట్టుదల. నిలబెట్టాను. చూపు డయలు మీద, చెయ్యి స్టీరింగు మీద. ఇంజను ఎందుకో మూలుగుతోంది. నాలుగో గేరు వేద్దామంటే బండి వణికి ఆగిపోయేటట్టుంది, కనక కింద గేర్లలోనే లాగించాను. గేరుబాక్సు కూడా బాగు చేయించుకోమని రాయాలి అనుకున్నాను. అంతలో వెనక నుంచి సైకిలు గంట. చీరాల నేత చీరల మూట వెనక కట్టుకుని ఒకాయన, గాలి వాలున తొక్కుతూ, మా బస్సుని దాటి వెళ్ళిపోయాడు. దాటుతూ నా వైపు ఒక చూపు చూశాడు. దారి మధ్యలో వస్తాడేమిటి వీడు అని నేను హారను కొట్టాను. పిచ్చయ్య గారు ఆ వేళకి కునుకు తీస్తున్నారు.

బండి ఆపాక ఇంకో విశేషం. సూది గబుక్కున పడలేదు. నెమ్మదిగా, హుందాగా, పెళ్ళిపెద్ద మెట్లు దిగినట్టు దిగింది. కొత్త సరుకు నాణ్యత ఇలా ఉంటుందని మెచ్చుకున్నాను. నివేదికలో గేరుబాక్సు సలహాతో పాటు ఇదీ రాశాను. "స్పీడోమీటరు సక్రమంగా పనిచేస్తోంది, సూది కదలిక నిలకడగా ఉంది, సాక్షి చూసిన వేగాన్ని శంకించనవసరం లేదు." ఆ సాయంత్రమే ఆర్.టి.ఓ. గారి బల్ల మీద పెట్టాను. ఆయన లైసెన్సుని విచారణ ముగిసే దాకా సస్పెండు చేసి, వచ్చే సోమవారం విచారణ అన్నారు. రద్దు చేయడం ఖాయమని ఆఫీసులో అందరికీ తెలుసు.

ఆ శుక్రవారం పని మీద చిలకలూరిపేట వెళ్ళి, బస్టాండు ఎదురు టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. ఎదురు బల్ల మీద చీరల మూట, దాని పక్కన ఆ సైకిలు మనిషి. పేరు నాగలింగం, చీరాల నుంచి ఊళ్ళు తిరిగి చీరలు అమ్ముతాడు. నన్ను చూడగానే ముఖం వికసించింది.

"ఏందండీ, మొన్న మీ బస్సు ఎద్దులతో లాగించారా? వాటికి దాణా అయిపోయినట్టుందే!" అన్నాడు, కొట్టులో అందరికీ వినపడేటట్టు.

నాకు ఒళ్ళు మండింది. "నేను గంటకి ముప్పై మైళ్ళ మీద ఉన్నాను. సూది చూస్తూనే తోలాను," అన్నాను.

నాగలింగం టీ గ్లాసు కింద పెట్టాడు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు: "అయితే నేనెంత మీద ఎల్లానంటారండీ?"

కొట్టులో వాళ్ళు విరగబడి నవ్వారు. టీ కాచేవాడు కూడా గరిట పట్టుకుని నవ్వాడు. నేను నవ్వలేదు. నాకు నవ్వాలని కూడా తోచలేదు. మనిషి సైకిలు మీద, అదీ మూటతో, ముప్పై మైళ్ళు తొక్కలేడు. పది, పన్నెండు తొక్కితే గొప్ప. అతను నన్ను దాటాడంటే నేను అంతకంటే తక్కువలో ఉన్నాను. ఇంజను మూలిగింది అందుకు. నాలుగో గేరు ఎక్కనిది అందుకు. నా గేరుబాక్సు రిపేరు సలహా నాకు గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. మంచులో కింద గేర్లలో వచ్చానన్న వెంకటప్పయ్య మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది. వాడి బతుకు నా సంతకం కింద ఉంది.

శనివారం ఉదయం ఆర్.టి.ఓ. గారి ముందు నిలబడి, నా నివేదిక తప్పేమో, మళ్ళీ పరీక్షించాలి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "మీ సూది అబద్ధం చెప్పదన్నారే?" అన్నారు. ఇప్పుడు చెబుతోందన్నాను. సరే, నేనూ వస్తానన్నారు. ఆయనకి కచేరీ పనులు తెమిలేసరికి మధ్యాహ్నం దాటింది. ఎండ బాగా కాస్తోంది. బస్సు యార్డులో ఎండలో నిలిచి ఉంది. పిచ్చయ్య గారు కూడా వచ్చారు. "నా మాట అబద్ధమంటే ఊరుకోను, కళ్ళారా చూశాను," అంటూ వచ్చారు. వెంకటప్పయ్య దూరంగా గోడ వారన నిలబడ్డాడు.

అతన్నీ వెనక ఎక్కించుకుని, ఈసారి వాచీ, మైలురాళ్ళు పెట్టుకుని తోలాను. చదువుకున్న మొదటి పద్ధతి అదే. మొదటిసారి దాన్ని ఎందుకు వాడలేదంటే, సూది ఉండగా రాళ్ళెందుకన్న గర్వం. రాయికీ రాయికీ మధ్య పట్టిన కాలం లెక్కవేస్తే వేగం తేలుతుంది. లెక్క వేశాను. సూది చూశాను. మళ్ళీ వేశాను. సూది దాదాపు నిజమే చెబుతోంది! రెండు మూడు మైళ్ళు ఎక్కువ, అంతే.

ఆర్.టి.ఓ. గారు నా వైపు చూశారు. పిచ్చయ్య గారు, "చూశారా! నే చెప్పలా?" అన్నారు. నా సంగతి చిత్రంగా ఉంది. సూది అబద్ధమాడిన రోజున నిజమని రాశాను. నిజం చెబుతున్న రోజున అబద్ధమని అధికారిని ఎండలో పడేసి తెచ్చాను. అద్దంలో వెంకటప్పయ్యని చూశాను. వెనక సీటులో కూర్చుని, కళ్ళు మూసుకుని ఏదో దేవుణ్ణి తలుచుకుంటున్నాడు. ఆ దేవుడు నన్నెందుకు పుట్టించాడో అని నేనూ తలుచుకున్నాను.

ఇక మిగిలింది ఒక్కటే. "విప్పి చూస్తాను సార్," అన్నాను. చెట్టు నీడలో బండి ఆపి, డయలు బయటికి లాగి, ఒళ్ళో పెట్టుకుని అద్దం ఊడదీశాను. గిన్నె పక్కకి వంచేసరికి చిక్కటి, పసుప్పచ్చటి నూనె నా తెల్ల డ్రిల్లు ప్యాంటు మీద జారింది. వంటనూనె కాదు, ఇంజను ఆయిలు కాదు. పిచ్చయ్య గారు వంగి ముక్కు పెట్టి, "ఆముదం!" అన్నారు. చిన్నప్పుడు తాగించినవాడు ఎవడూ ఆ వాసన మర్చిపోడు.

అందరం వెంకటప్పయ్య వైపు తిరిగాం. అతను బెదిరిపోలేదు. ఏం తప్పు జరిగిందో తెలియని వాడిలా చెప్పాడు. "ఆయుధపూజ నాడు పెట్టానండి. బండిలో తిరిగేవాటన్నిటికీ పెట్టాం కదండి, నూనె, పసుపు, కుంకం. దీనికి మాత్రం పెట్టకపోతే ఎలాగండి? కొత్తగా వచ్చింది, లోపల తిరుగుతా ఉంటదని మీరే అన్నారు. వెనకాల మర ఇప్పి, తీగ మీద ఓ చారెడు పోశానండి. మా నాయన బండి ఇరుసుకి ఆముదం తప్ప ఇంకోటి వాడేవోడు కాదు."

నేను ఎఫ్.సి. రోజున ఆ కంపెనీ షెడ్డులో నిలబడి డ్రైవర్లందరికీ అయస్కాంతం తిరుగుతుంది, గిన్నె తిరుగుతుంది అని అరగంట చెప్పిన మాట వాస్తవం. తాకకుండా తిరుగుతుందని కూడా చెప్పాను. వెంకటప్పయ్యకి తిరగడమే అందింది. తిరిగేదానికి నూనె పెట్టాలన్నది మా నేలలో పుట్టినవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. బండికి కందెన, జిన్నింగు మిల్లుకి కందెన, గానుగకి కందెన. కందెన పెట్టకపోతే పాపం, పెడితే పుణ్యం. చేసిన పుణ్యమే వాణ్ణి జైలు గుమ్మం దాకా తెచ్చింది.

ఆర్.టి.ఓ. గారికి వివరించాను. తీగ స్ప్రింగులా మెలికలు చుట్టి ఉంటుంది, తిరిగేకొద్దీ మీద పోసిన ఆముదాన్ని మరచుట్టులా నెమ్మదిగా డయల్లోకి ఎక్కించింది. అయస్కాంతానికీ గిన్నెకీ మధ్య ఖాళీగా ఉండవలసిన చోట అది చేరింది. ఇక లాగేది అయస్కాంతం ఒక్కటే కాదు, ఆముదం కూడా. చలిలో ఆముదం చిక్కబడుతుంది, అప్పుడు గిన్నెని ఈడ్చుకుపోతుంది, సూది రెట్టింపు పైన చూపిస్తుంది. ఎండలో పల్చబడి వదిలేస్తుంది, అప్పుడు సూది సాధువైపోతుంది. బండి ఆపాక సూది పెళ్ళిపెద్దలా దిగింది కూడా అందుకే. ప్రమాదం జరిగింది తెల్లవారుజామున, మంచులో.

పిచ్చయ్య గారు డయల్ని మళ్ళీ ఒకసారి వాసన చూశారు. "అంటే నేను చూసింది నిజమే, సూది చెప్పింది అబద్ధం," అన్నారు. అవునన్నాను. "అత్తగారి చూపుకి ఆముదం తోడైందన్న మాట," అని, ఎంత పంతమున్న మనిషైనా, ఇంకో మాట కూడా తనే చెప్పారు. "ఆ రోజు నేను ముందు సీటులో కూర్చున్నా కుదుపు పెద్దగా తెలవలేదు. నలభై అయిదైతే నా పళ్ళు రాలేవి. ఆ సంగతి కూడా రాసుకోండి."

ఆర్.టి.ఓ. గారు మాట నమ్మే మనిషి కాదు. డయల్ని అలాగే బిగించి, ఆదివారం తెల్లవారాక చలిలో మళ్ళీ తోలించారు. రాళ్ళూ వాచీ ఆయన చేతిలోనే పెట్టుకున్నారు. సూది ఎగిరి నలభై దాటింది. బస్సు మాత్రం ఇరవై దాటలేదు. దారిన పోయే సైకిళ్ళేమైనా ఉన్నాయా అని నేను వెనక్కి చూశాను. ఆయన అది గమనించి కారణం అడిగారు. చెప్పాను. ఆయన అంతగా నవ్వగా నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

సోమవారం విచారణలో నా మొదటి నివేదికని నేనే ఖండిస్తూ రెండోది చదివాను. ఒకే బండి మీద, ఒకే వారంలో, ఒకే సంతకంతో, ఒకదానికొకటి ఎదురు తిరిగిన రెండు నివేదికలు. గేరుబాక్సు గురించి రాసిన పేరాని ఆర్.టి.ఓ. గారు ప్రత్యేకంగా పైకి చదివించారు. అతివేగం నేరారోపణ కొట్టేశారు. మంచులో డొంక మలుపు దగ్గర జరిగిన ప్రమాదంగా రాశారు.

లైసెన్సు ఆర్.టి.ఓ. గారే వెంకటప్పయ్య చేతికిచ్చారు. అతను రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆపైన చొక్కా జేబులోంచి కాగితపు పొట్లం విప్పి, చిటికెడు కుంకం తీసి, లైసెన్సు మీద బొట్టు పెట్టాడు. ప్రభుత్వ పత్రాన్ని పాడుచేయడం నేరమని చెప్పవలసింది నేనే. పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాను. ఆర్.టి.ఓ. గారు మాత్రం, "బొట్టు దాకా సరే వెంకటప్పయ్యా. నూనె మాత్రం పెట్టకు," అన్నారు.

ఈమధ్య ఒక కొత్త కారు విప్పి చూపించారు. స్టీరింగు ఎంత తిరిగిందో, చక్రం ఏ కోణంలో ఉందో, గోరంత అయస్కాంతపు సెన్సార్లు దేన్నీ తాకకుండా కొలుస్తాయట. ఇవి అరగవు కనక తప్పు చెప్పవని ఆ కుర్ర ఇంజనీరు చెప్పాడు. వినయంగానే విన్నాను. సాధనం నిజం చెబుతోందా అన్నది దాన్నే అడిగి తెలుసుకోలేం, దానితో ఏ సంబంధమూ లేనిదాన్ని అడగాలి. ఆ అయిదు రోజుల్లో నేను నేర్చుకున్నది ఇంతే. ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్ళూ ఏ బండి పరీక్షకి ఎక్కినా, డయలు చూసే ముందు కిటికీలోంచి తల పెట్టి, వెనక సైకిలు ఏమైనా వస్తోందా అని చూసేవాణ్ణి.